పర్యావరణహితమైన వస్తువులు కొనేటప్పుడు మీ బుర్రలో ‘రేపు’ ఎంత పొడుగు?

మధురవాడ అమ్మాయి · సోమవారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. నేను విశాఖలో ఎంఏ సైకాలజీ రెండో ఏడాది చదువుతున్నా. ప్రాజెక్టు కోసం 18 నుంచి 25 ఏళ్ల వాళ్లతో ఒక ప్రశ్నావళి నింపిస్తున్నా. కుర్రకారు కాలాన్ని చూసే తీరుకీ, పర్యావరణానికి చెరుపు చేయని వస్తువులు కొనడానికీ ఏమైనా ముడి ఉందా అన్నది విషయం.

1999లో ఫిలిప్ జింబార్డో, జాన్ బాయ్డ్ అనే ఇద్దరు 56 ప్రశ్నలతో ఒక కొలబద్ద తయారుచేశారు. దాని ప్రకారం మన మనసు కాలంలో ఐదు చోట్ల తిరుగుతుంది: తీపి గతం, చేదు గతం, ఈ పూట సరదా, ‘మన చేతుల్లో ఏముందిలే’ అనే వర్తమానం, ముందుచూపు. అందరిలోనూ ఐదూ ఉంటాయి, పాళ్లే తేడా. అంతకు ముందు 1994లో స్ట్రాత్‌మన్, ఇంకొందరు కలిసి, మనిషి తన పనుల తర్వాతి ఫలితాలను ఎంత పట్టించుకుంటాడో కొలవడానికి 12 ప్రశ్నలు రాశారు. ఇలాంటి కొలబద్దలతో జరిగిన పరిశోధనలను 2012లో మిల్ఫాంట్ బృందం కలిపి చూసింది. ముందుచూపు ఉన్నవాళ్లే పర్యావరణం కోసం ఏదో ఒకటి చేయడం ఎక్కువని తేలింది.

కాగితం మీద బాగానే ఉంది. నా తలనొప్పి మా హాస్టల్. నా రూమ్మేట్ గ్రూప్స్‌కి చదువుతోంది, గోడ మీద ఐదేళ్ల ప్లాన్ అంటించుకుంది. రోజూ కొత్త నీళ్ల బాటిల్ కొంటుంది. పక్క గది అమ్మాయికి రేపు ఏ పరీక్షో కూడా గుర్తుండదు, స్టీలు బాటిల్ లేకుండా మాత్రం గడప దాటదు. ఇప్పుడు వీళ్లిద్దరిలో ముందుచూపు ఎవరిది?

అందుకే అడుగుతున్నా. ఈమధ్య మీరు కొన్నది, లేదా కొనబోయి ఆగింది ఒకటి చెప్పండి. ఆ క్షణంలో మీ బుర్రలో ఉన్న కాలం ఎంత? పది నిమిషాలా, నెలాఖరా, పదేళ్లా? సలహాలు వద్దు, కథలు కావాలి.

కూకట్‌పల్లి బ్యాచిలర్ · రాత్రి 9:34

పది నిమిషాలు. అంతకన్నా ఒక్క నిమిషం ఎక్కువ కాదు.

మా ఫ్లాట్‌లో నలుగురం. తలుపు వెనక మేకుకి ఆరు గుడ్డ సంచులు వేలాడుతున్నాయి. మూడు పెళ్లిళ్లలో ఇచ్చినవి, రెండు ఆఫీసులో పర్యావరణ దినోత్సవం నాడు పంచినవి, నేను డబ్బు పెట్టి కొన్నది ఒక్కటి. సంచీ పట్టుకెళ్లాలంటే ముందు బజారుకి వెళ్లాలి కదా! నిన్న రాత్రి నిమ్మకాయలూ కొత్తిమీరా ఆర్డర్ పెట్టాం. అరగంటకి పెరుగు లేదని గుర్తొచ్చింది, ఇంకో ఆర్డర్. రెండు కవర్లు, రెండుసార్లు బండి.

చేరిన కొత్తలో ఆదివారం పొద్దున్నే రైతుబజారుకి పోయేవాళ్లం. వారం మొత్తాన్ని ఒక్క సంచీలో పట్టేసేవాళ్లం. బుధవారం బెండకాయ, గురువారం ఆలుగడ్డ అని లెక్క ఉండేది. యాప్ వచ్చాక ఆ లెక్క పోయింది. నిజం చెప్పాలంటే నాకు పోయింది సంచీ కాదు, బుధవారం.

సగటు జీతగాడు · రాత్రి 9:51

నాది ఇరవయ్యో తారీకు. జీతం 18 వేలు, ఇరవై దాటితే ఏ వస్తువైనా చౌకదే. నెల మొదట్లో నేను కూడా పర్యావరణవేత్తనే. రీఫిల్ ప్యాకెట్ పెద్దది కొంటా. నెలాఖరుకి రెండు రూపాయల షాంపూ సాషేలు. పెద్ద డబ్బా కొంటే చెత్త తగ్గుతుందని తెలుసు. తెలిసినా ఆ రోజు జేబులో పెద్ద డబ్బా డబ్బుల్లేవు.

ఇది నా మనసు తీరా, నా అకౌంటు తీరా? మీ 56 ప్రశ్నల్లో జీతం గురించి ఒక్కటైనా ఉందా?

మధురవాడ అమ్మాయి · రాత్రి 10:05

లేదండీ. విడిగా ఇంటి ఆదాయం అడుగుతున్నా. కానీ అది కూడా నెలసరి మొత్తమే, తారీకు కాదు. మీరన్న ‘ఇరవయ్యో తారీకు’ రాసుకున్నా.

@కూకట్‌పల్లి బ్యాచిలర్, ‘పోయింది బుధవారం’ అన్న మాట నా రిపోర్టులో వాడుకోవచ్చా? పేరు వేయను.

కూకట్‌పల్లి బ్యాచిలర్ · రాత్రి 10:07

వాడుకోండి. మా మేనేజర్ కంట మాత్రం పడనివ్వకండి.

మగ్గం జాకెట్టు · రాత్రి 10:40

బట్టల దగ్గరికి రండి, అసలు కాలం అక్కడుంది. అక్క పెళ్లిలో హల్దీకి పసుపు డ్రెస్ కొన్నా, 700. వేసుకున్నది మూడు గంటలు. ఆ ఫోటో స్టోరీలో పెడితే 24 గంటల్లో అదీ పోయింది. డ్రెస్ మాత్రం బీరువాలో ఉంది, నన్ను చూసి నవ్వుతోంది. ఒకసారి ఫోటో పడ్డాక మళ్లీ వేసుకుంటే ‘అదే డ్రెస్సా’ అంటారన్న భయం, అంతే.

అదే పెళ్లికి అమ్మ పాత పట్టుచీరతో లంగా ఓణీ కుట్టించుకున్నా. టైలర్ ఇరవై రోజులు తిప్పించాడు, ప్రతిసారీ ‘రేపు రండి’. ముహూర్తం వేళకి వస్తుందో రాదో అని ఒకటే టెన్షన్. అయినా ఆ లంగా ఓణీ ఇప్పటికి నాలుగు ఫంక్షన్లకి వేశాను, ఒక్కరూ ‘మళ్లీనా’ అనలేదు. ‘అమ్మ పెళ్లిచీరా?’ అని అంచు పట్టుకుని చూస్తారు. పాతదైతే ఎన్నిసార్లయినా వేయొచ్చు, కొత్తదైతే ఒక్కసారే! ఈ లెక్క నాకిప్పటికీ అర్థం కాదు.

భూమి కోసం కుట్టించానని అబద్ధం చెప్పను. ఫోటోలో జరీ బాగా పడుతుందని కుట్టించా.

నాగావళి ఒడ్డు · రాత్రి 11:15

మగ్గం జాకెట్టు చెప్పింది ఆ ‘తీపి గతం’ ఖాతాలోకే వస్తుందనుకుంటా. నాదీ అదే.

మాది శ్రీకాకుళం జిల్లా. తాతయ్య పొందూరు ఖద్దరు తప్ప కట్టేవారు కాదు. ఆ పని చూస్తే తప్ప నమ్మరు. పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ సన్నని పళ్లే దువ్వెన. అక్కడి నుంచి ఏకడం, వడకడం, నేయడం అన్నీ చేతులతోనే. నాకు 23. మొదటి జీతంతో ఒక చొక్కా గుడ్డ తీసుకున్నా. అదే డబ్బుకి మాల్‌లో మూడు చొక్కాలొస్తాయని తమ్ముడు నవ్వాడు. కొన్నప్పుడు 2050లో భూమి ఏమవుతుందో గుర్తుకు రాలేదు. తాతయ్య పడక్కుర్చీ గుర్తొచ్చింది.

కాబట్టి పర్యావరణహితంగా కొనేవాడి చూపు ముందుకే ఉంటుందని మీరు అనుకోవడంలోనే తిరకాసు ఉందేమో చూడండి. వెనక్కి చూసి కొనేవాళ్లం కూడా ఉన్నాం.

పాత చింతకాయ · మంగళవారం, ఉదయం 5:20

రిటైరైన మనిషిని, తెల్లవారుజామున ఇవే చదువుతుంటాను. పిల్లలు బాగా రాస్తున్నారు. ఒక్క మాట సరిచేస్తాను, ఏమీ అనుకోవద్దు.

మా రోజుల్లో నూనెకి సీసా పట్టుకెళ్లేవాళ్లం, పప్పులు న్యూస్‌పేపరు పొట్లంలో వచ్చేవి, పెళ్లి భోజనం విస్తరాకులో. ఇప్పుడు దీన్నే గొప్ప పర్యావరణ జీవితమని వీడియోలు చేస్తున్నారు. మాకు అలాంటి ఆలోచనే లేదు! కవర్లు లేవు కాబట్టి సీసా. అవి వచ్చిన రోజున మేమే ముందు ఎగబడ్డాం. మా వీధిలో మొదటి ప్లాస్టిక్ బిందె మా ఇంట్లోదే, మా ఆవిడ ఇరుగమ్మల్ని పిలిచి మరీ చూపించింది. తేలిగ్గా ఉందే అని అందరూ ఎత్తి చూశారు.

మాకు మీకంటే ఓపిక ఎక్కువని మాత్రం అనుకోకండి. ఎదురుచూడక తప్పేది కాదు, అంతే. గ్యాస్ కనెక్షన్‌కి, టెలిఫోన్‌కి ఏళ్ల తరబడి కూర్చున్నవాళ్లం.

నాగావళి ఒడ్డు · ఉదయం 7:02

అంకుల్, ఆ బిందె మాటతో మా తాతయ్య కథ కొంచెం పలచబడిపోయింది 😀 అయినా ఒప్పుకోవాల్సిందే.

ఇన్వర్టర్ ఏసీ · ఉదయం 10:30

నేను గుంటూరులో ఎలక్ట్రానిక్స్ షాపులో సేల్స్. రోజూ నా కళ్ల ముందు మీ ప్రాజెక్టే నడుస్తుంటుంది మేడమ్.

పాతికేళ్ల జంట వస్తుంది. ఒకటిన్నర టన్ను ఏసీ. 3 స్టార్‌కీ 5 స్టార్‌కీ తేడా 9 వేలు అనుకోండి. లేబుల్ మీద ఏడాదికి 1600 గంటల లెక్కన ఎన్ని యూనిట్లు కాలుతుందో వేసి ఉంటుంది. 5 స్టార్‌తో 250 యూనిట్లు మిగిలాయనుకుందాం, యూనిట్ 7 రూపాయల లెక్కన ఏడాదికి 1,750. పెట్టిన 9 వేలు తిరిగి రావాలంటే ఐదేళ్లు దాటాలి. నేను ఈ లెక్క చెప్తుంటే వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఎందుకో మొదట్లో తెలిసేది కాదు. వాళ్ల అద్దె అగ్రిమెంట్ 11 నెలలు!

ఇల్లు మారితే ఏసీ విప్పాలి, బిగించాలి, పైపు చాలకపోతే కొత్తది, గ్యాస్ మళ్లీ ఎక్కించాలి. ఐదేళ్లలో మూడిళ్లు మారితే మిగిలిందంతా వాటికే. నేనైనా ఏం చెప్తాను, 3 స్టారే ఇచ్చి పంపిస్తా.

పోయిన వేసవిలో ఒక జంట ఇలాగే 3 స్టార్ చూసుకుని, ఆలోచించి వస్తామని వెళ్లారు. ఆర్నెల్ల తర్వాత వచ్చి 5 స్టార్ అడిగి మరీ తీసుకున్నారు. ‘ఏంటి సార్ మారిపోయారు’ అంటే, అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ రిజిస్ట్రేషన్ అయిందట. మనుషులు వాళ్లే, వాళ్ల రేపు 11 నెలల నుంచి ఇరవై ఏళ్లకి పెరిగింది.

2015లో కేంద్రం ఎల్‌ఈడీ బల్బుల పథకం పెట్టినప్పుడు ఢిల్లీలో ముందు 10 రూపాయలు తీసుకుని, మిగతాది నెలకి 10 చొప్పున ఏడాది పాటు కరెంటు బిల్లులో కలిపారు. బిల్లు తగ్గేదీ అక్కడే, బాకీ తీరేదీ అక్కడే. ఏసీలకీ అలాంటిది పెడితే నేను 5 స్టార్ తప్ప అమ్మను.

మధురవాడ అమ్మాయి · ఉదయం 11:48

క్లాసు మధ్యలో చదివాను, మళ్లీ చదివాను.

నేను ‘ముందుచూపు’ని గుణంలాగా కొలుస్తున్నా, కొందరికి ఉంటుంది, కొందరికి ఉండదు అన్నట్టు. ఇక్కడేమో అదే జంటకి ఆర్నెల్లలో పెరిగింది. మా హాస్టల్ సంగతీ ఇదేనేమో. రూమ్మేట్ రేపు అంతా ఉద్యోగం వచ్చాక మొదలవుతుంది, ఈ గది ఆమెకి ప్లాట్‌ఫాం లాంటిది. ప్లాట్‌ఫాం మీద నీళ్ల బాటిల్ కొనుక్కుని తాగి పారేస్తాం కదా.

‘ఇప్పుడున్న చోట ఇంకా ఎంతకాలం ఉంటామనుకుంటున్నారు?’ అన్న ప్రశ్న కలపాలని ఉంది. ఇప్పటికే సగం మంది నింపేశారు, గైడ్ ఒప్పుకుంటారో లేదో.

మ్యూనిక్ మజ్జిగ · మధ్యాహ్నం 2:15

జర్మనీలో మాస్టర్స్. ఇక్కడ ప్లాస్టిక్ బాటిల్ డ్రింక్ కొంటే 25 సెంట్లు డిపాజిట్ కలిపి తీసుకుంటారు. ఖాళీ బాటిల్ సూపర్ మార్కెట్‌లో మెషీన్‌లో పడేస్తే చీటీ వస్తుంది, అది కౌంటర్లో ఇస్తే బిల్లులో తగ్గిస్తారు. నలభై బాటిళ్లంటే 10 యూరోలు. స్టూడెంట్లం, మాకది పెద్దమొత్తమే. పార్టీ అయిపోగానే ఖాళీ బాటిళ్ల కోసం కొట్టుకుంటాం.

మా గ్యాంగ్‌లో ముందుచూపు ఉన్నవాడు ఒక్కడూ లేడు, అద్దె కూడా చివరి రోజే కడతాం. బాటిళ్లు మాత్రం ఒక్కటీ చెత్తలో పడదు. మంచి పనికి ఫలితం ఈ సాయంత్రమే వస్తే ముందుచూపు లేనివాడు కూడా చేస్తాడు.

మనకి కొత్తేం కాదిది. చిన్నప్పుడు కిరాణా కొట్టులో సోడా తాగి సీసా ఇచ్చేదాకా కదలనిచ్చేవాళ్లా? 2022లో నీలగిరి జిల్లాలో మద్యం సీసాలకి కూడా పెట్టారు, 10 రూపాయలు ఎక్కువ తీసుకుని సీసా తెచ్చిస్తే తిరిగిస్తారు.

సగటు జీతగాడు · మధ్యాహ్నం 2:31

సాషేకి కూడా అర్ధరూపాయి పెట్టమనండి, నెలాఖరుకి నాకే 20 వస్తాయి.

లెక్క తప్పదు · సాయంత్రం 6:05

కూకట్‌పల్లి తమ్ముడి ఆరు సంచుల దగ్గరికి వద్దాం. 2011లో ఇంగ్లండ్ పర్యావరణ ఏజెన్సీ ఒక నివేదిక వేసింది. వాతావరణం మీద పడే భారం వరకే చూస్తే, ఒకసారి వాడి పారేసే పల్చటి ప్లాస్టిక్ కవరుతో సమానం కావడానికి ఒక నూలు సంచీని 131 సార్లు వాడాలి. ఆ కవర్లో ఇంటి చెత్త కట్టి పడేస్తే ఈ అంకె ఇంకా పెరుగుతుంది. పత్తి పండించడానికీ, గుడ్డ నేయడానికీ అంత ఖర్చవుతుంది మరి. ఆవుల కడుపులోకీ, కాలవల్లోకీ పోయే ప్లాస్టిక్ సంగతి వేరే, అక్కడ గుడ్డ సంచీదే గెలుపు.

వారానికోసారి బజారుకి వెళితే ఒక్క సంచీకి రెండున్నరేళ్లు. ఆరు సంచులకి 15 ఏళ్లు.

పర్యావరణహితం అన్న మాట వస్తువు మీద అచ్చేసి ఉండదు, మనం వాడిన ఏళ్లలో ఉంటుంది. 2024 అక్టోబర్లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ దీని మీద మార్గదర్శకాలు ఇచ్చింది. ఆకుపచ్చ బొమ్మ వేసి ‘ఎకో’ అంటే చాలదు, ఆధారం చూపించాలి. పెళ్లిళ్లలో ఇచ్చే సంచులకి అది ఎవరు చెప్తారో!

కూకట్‌పల్లి బ్యాచిలర్ · సాయంత్రం 6:22

15 ఏళ్లా! అన్నా, నా నోటీసు పీరియడే 60 రోజులు.

సింగ్ నగర్ · రాత్రి 9:47

రాయాలా వద్దా అనుకుంటూ రెండు రోజులుగా చదువుతున్నా. నాకు 21. విజయవాడ. 2024 సెప్టెంబర్లో బుడమేరు వాగు మా వీధిలోకి వచ్చింది.

అంతకుముందు కాలేజీ ఎకో క్లబ్‌లో నేనే సెక్రటరీని. మట్టి వినాయకుడి ప్రతిమలు చేయించాం, పాత పుస్తకాలు మార్పిడి పెట్టాం. 2050 నాటికి సముద్రం ఎంత పెరుగుతుంది అని పోస్టర్లు రాశాను. నీళ్లు వచ్చాక పరుపులు, బీరువా, ఫ్రిజ్, నా పోస్టర్లు అన్నీ ఒకే బురద. తర్వాత నెలంతా కొనడమే. అన్నీ కొనాలి, అన్నీ ఆ వారమే కావాలి. ప్లాస్టిక్ కుర్చీలు, ప్లాస్టిక్ డ్రమ్ములు, అన్నిటికన్నా చౌక పరుపు. నాన్న ఒక్క మాటే అన్నాడు, ‘మళ్లీ వస్తే పోయినా బాధ ఉండకూడదు’.

ప్రశ్నావళిలో ‘మన చేతుల్లో ఏముందిలే’ అనే వర్తమానం ఉందన్నారు కదా. అది బద్ధకం అనుకునేదాన్ని. ఇప్పుడు మా నాన్నకి ఆ ప్రశ్నలిస్తే అందులోనే ఎక్కువ మార్కులొస్తాయి. ఆయనకి వాతావరణం గురించి తెలియక కాదు. మా అందరికన్నా ఎక్కువ తెలుసు, నడుంలోతు తెలుసు.

చెక్క బీరువా మాత్రం మళ్లీ కొనలేదు. ఇనుపది, సెకండ్ హ్యాండ్. కడిగితే పోతుందని.

మధురవాడ అమ్మాయి · రాత్రి 10:20

రాసినందుకు థాంక్స్. ఏం రాయాలో తెలియడం లేదు, రేపు రాస్తాను.

మగ్గం జాకెట్టు · రాత్రి 10:26

@సింగ్ నగర్, మా పిన్నివాళ్లది పాయకాపురం. వాళ్లింట్లో కూడా అంతే, ఇప్పటికీ కింది అరలో ఏమీ పెట్టరు.

మధురవాడ అమ్మాయి · బుధవారం, సాయంత్రం 4:40

గైడ్‌తో మాట్లాడాను. కొత్త ప్రశ్నని అసలు కొలబద్దలో కలపకూడదన్నారు, చివర విడిగా అడగమన్నారు. మూడు అడుగుతున్నా: ఇక్కడ ఎంతకాలం ఉంటారు, డబ్బులు నెలలో ఏ వారం అయిపోతాయి, గత మూడేళ్లలో వరదకో తుపానుకో ఇంట్లో సామాను పోయిందా. ముందు నింపినవాళ్లకి ఈ మూడూ మళ్లీ పంపిస్తా, ఎంతమంది తిరిగి రాస్తారో చూడాలి.

మూడో ప్రశ్న సింగ్ నగర్ వాళ్ల నాన్నగారిది. ఆ ‘మన చేతుల్లో ఏముందిలే’ వర్తమానాన్ని బద్ధకం పక్కన కట్టేసి రాసిన ఒక పేజీ నా దగ్గర ఉంది, అది తీసేస్తున్నా.

రూమ్మేట్‌ని కూడా అడిగా. ఇక్కడ ఎంతకాలం ఉంటావంటే ‘నోటిఫికేషన్ వచ్చేదాకా’ అంది. అది ఏ గడిలో టిక్ పెట్టాలో మరి.

ఇన్వర్టర్ ఏసీ · సాయంత్రం 5:15

‘ఏళ్లు పట్టొచ్చు’ గడిలో పెట్టండి మేడమ్. నేనూ మూడేళ్లు రాశాను.

కూకట్‌పల్లి బ్యాచిలర్ · రాత్రి 8:30

చిన్న అప్‌డేట్. ఒక సంచీ బండి డిక్కీలో పెట్టా. ఆఫీసు నుంచి వస్తూ ఆగి టమాటాలు, వంకాయలు కొన్నా. ఇంటికొస్తే రూమ్మేట్ అప్పటికే వంకాయలు ఆర్డర్ పెట్టేశాడు. నలుగురం రెండు రోజులుగా గుత్తివంకాయే తింటున్నాం. ఇంకా 130 సార్లు.

పాత చింతకాయ · గురువారం, ఉదయం 5:05

అమ్మా, నీ ఫారం లింకు తెరిచాను. వయసు దగ్గర 18–25 మాత్రమే ఉంది. 25 అని పెట్టి నింపడం మొదలుపెట్టాను, తప్పైతే క్షమించు.

మధురవాడ అమ్మాయి · ఉదయం 8:12

అయ్యో అంకుల్, పర్లేదు. మీది లెక్కలో కలపను కానీ విడిగా దాచుకుంటా. మొత్తం నింపారా?

పాత చింతకాయ · ఉదయం 8:15

నలభై అయ్యాయి. మిగతా పదహారు రేపు.